మొదటి వారం దాటించే మందు ఉంది, ఆ తర్వాతి ఏడాదికి పూచీ ఎవరిది?

పంజాబీలో ‘తోట్’ అని ఒక చిన్న మాట ఉంది. లోటు, కొరత అని దాని అర్థం. హెరాయిన్‌కు అలవాటు పడిన మనిషికి వేళకు అది అందకపోతే ఒంట్లో మొదలయ్యే యాతనను అక్కడ ఈ మాటతోనే చెబుతారు. తెలుగులో దానికి స్థిరపడిన పేరు లేదు. డాక్టర్లు ‘విత్‌డ్రాయల్’ అంటారు. ఇంట్లోవాళ్లు ‘మందు లేక అలా అయిపోతున్నాడు’ అంటారు. పేరు లేని బాధను నటన అనుకోవడం తేలిక. తలుపు వేసి గొళ్లెం పెడితే నాలుగు రోజుల్లో అదే తగ్గుతుందనుకోవడం ఇంకా తేలిక.

పంజాబ్ పల్లెల్లో మరో మాట కూడా వినిపిస్తుంది: ‘జీభ్ వాలీ గోలీ’. అంటే నాలుక కింద పెట్టుకునే మాత్ర. బ్యుప్రెనార్ఫిన్, నాలోక్సోన్ అనే రెండు మందులు అందులో ఉంటాయి. ‘తోట్’ నుంచి గట్టెక్కించే మాత్ర ఇదే. ఇప్పుడు ఆ రాష్ట్రంలో రాజకీయ వివాదమూ దీని చుట్టూనే నడుస్తోంది. ఇది వైద్యమా, లేక ప్రభుత్వమే పంచుతున్న మరో మత్తా? ఎన్నాళ్లు ఇవ్వాలి? ఎవరి చేతికి ఇవ్వాలి?

ఈ ప్రశ్నలు పంజాబ్‌కే పరిమితం కావు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. నల్లమందు, హెరాయిన్, ఓపియాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు.. వీటిలో ఏదో ఒకటి వాడేవారు దేశంలో 2.26 కోట్ల మంది అని అది అంచనా కట్టింది. వారిలో దాదాపు 77 లక్షల మందికి సాయం అవసరమని చెప్పింది. సమస్య తీవ్రంగా ఉన్నవారిలో సగానికి పైగా ఉన్న కొద్ది రాష్ట్రాల జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్, హర్యానా, ఢిల్లీలతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. ఈ విషయం మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు.

ఆ వారం రోజుల్లో ఏం జరుగుతుంది?

ఓపియాయిడ్లు మెదడులో కొన్ని గ్రాహకాలకు అతుక్కుంటాయి. నొప్పి తెలియదు, శ్వాస నెమ్మదిస్తుంది, పేగుల కదలిక తగ్గుతుంది. నెలల తరబడి ఇలాగే సాగితే శరీరం దానికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. బ్రేకు మీద కాలు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి యాక్సిలరేటర్‌ను మరింత గట్టిగా తొక్కుతుంది. ఒక్కసారిగా బ్రేకు తీసేస్తే బండి అదుపు తప్పుతుంది. ‘తోట్’ అంటే ఇదే.

హెరాయిన్ విషయంలో చివరి మోతాదు తర్వాత 6 నుంచి 12 గంటల్లో ఇది మొదలవుతుంది. ముందు ఆవలింతలు, కళ్లలో నీళ్లు, ముక్కు కారడం. తర్వాత ఒళ్లు గగుర్పొడవడం, చెమటలు, ఎముకల్లో నొప్పి, కాళ్లు లాగేయడం, వాంతులు, విరేచనాలు. కంటి మీద కునుకు ఉండదు. రెండు మూడు రోజులకు తీవ్రస్థాయికి చేరి, వారానికి కాస్త తెరిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఇది నేరుగా చంపడం అరుదు. అయితే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతున్నా పట్టించుకోకుండా గదిలో బంధిస్తే ప్రాణం పోవచ్చు. గర్భిణుల సంగతి వేరు. వారికి హఠాత్తుగా మాన్పించడం మంచిది కాదని, మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్‌తో చికిత్స కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మందులు ఏమిటి, ఎలా పనిచేస్తాయి?

వాడుకలో ఉన్న మందులను మూడు వరుసల్లో చూడవచ్చు.

మొదటి వరుస, యాక్సిలరేటర్‌ను తగ్గించేవి. క్లోనిడిన్ నిజానికి రక్తపోటు మందు. ఓపియాయిడ్లు ఆగినప్పుడు మెదడులో నోరడ్రినలిన్ ఉప్పెనలా పైకి లేస్తుంది. దాన్ని ఇది అణచగలదని 1970ల చివర్లో తెలిసింది. చెమట, గుండెదడ, కడుపులో మెలిపెట్టడం తగ్గుతాయి. కానీ రక్తపోటు మరీ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి బీపీ చూస్తూ ఇవ్వాలి. దాని బంధువైన లోఫెక్సిడిన్ బ్రిటన్‌లో 1990ల నుంచీ ఉంది. అమెరికా 2018లో అనుమతించింది. వీటితో పాటు విరేచనాలకు, వాంతులకు, నొప్పికి, నిద్రకు విడివిడిగా మందులిస్తారు. ఇవేవీ మత్తు మందులను పోలినవి కావు. అందుకే వీటిపై వివాదం లేదు. అయితే మళ్లీ వాడాలనే కోరికను ఇవి తీర్చలేవు.

రెండో వరుస, బ్రేకును మెల్లగా వదిలేవి. ఇవి స్వయంగా ఓపియాయిడ్లే. మెథడోన్ అదే గ్రాహకాన్ని పూర్తిగా పనిచేయిస్తుంది, కానీ ప్రభావం రోజంతా నిలకడగా ఉంటుంది. ఎగిరిపడే మత్తు ఉండదు. బ్యుప్రెనార్ఫిన్ ఆ గ్రాహకానికి గట్టిగా అతుక్కుని సగం మాత్రమే పనిచేయిస్తుంది. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ప్రభావం పెద్దగా పెరగదు. కాబట్టి శ్వాస ఆగిపోయే ముప్పు తక్కువ. దీనికో మెలిక ఉంది. హెరాయిన్ ఇంకా ఒంట్లో ఉండగానే ఇస్తే, అది హెరాయిన్‌ను పక్కకు నెట్టేసి ‘తోట్’ను తనే తెచ్చిపెడుతుంది. లక్షణాలు మొదలయ్యాకే మొదటి మాత్ర ఇవ్వాలి. తెలియక సొంతంగా వేసుకుని, ‘ఈ మందు పడలేదు’ అని వెనుదిరిగేవారు అందుకే ఉంటారు. ఇక నాలోక్సోన్ కలపడం వెనుక ఉద్దేశం వేరు. మాత్ర నాలుక కింద కరిగితే నాలోక్సోన్ దాదాపు పనిచేయదు. మాత్రను నలిపి సూదితో ఎక్కించుకుంటే మాత్రం ‘తోట్’ తెప్పిస్తుంది. అదొక కాపలా ఏర్పాటు.

మూడో వరుస, తలుపు మూసేవి. నాల్ట్రెక్సోన్ గ్రాహకాన్ని పూర్తిగా అడ్డుకుంటుంది. వారం పది రోజులు ఏ ఓపియాయిడూ లేకుండా ఉన్నాకే మొదలుపెట్టాలి. గట్టి పట్టుదల, కుటుంబం తోడు ఉన్నవారికి ఉపయోగపడుతుంది. చాలామంది మధ్యలోనే ఆపేస్తారు.

వారం తర్వాతే అసలు పరీక్ష

మన దేశంలో ‘డీ-అడిక్షన్’ అంటే పది రోజులో, నెలో చేర్పించి ‘కడిగేసి’ పంపడం అనే భావన బలంగా ఉంది. కుటుంబాలు కోరేదీ అదే, ప్రైవేటు కేంద్రాలు అమ్మేదీ అదే. శాస్త్రం మాత్రం వేరే మాట చెబుతోంది.

స్వీడన్‌లో చేసిన ఒక పరిశోధన 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. హెరాయిన్‌కు అలవాటు పడిన 40 మందిని రెండుగా విడదీశారు. 20 మందికి ఏడాది పాటు బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చారు. మిగతా 20 మందికి అదే మందును ఆరు రోజుల్లో తగ్గిస్తూ ఆపేసి, తర్వాత ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కౌన్సెలింగ్ ఇద్దరికీ సమానమే. ఏడాది తిరిగేసరికి మొదటి బృందంలో 75 శాతం మంది చికిత్సలో నిలిచారు. రెండో బృందంలో ఒక్కరూ మిగల్లేదు. వారిలో నలుగురు చనిపోయారు.

2011లో వెలువడిన అమెరికా పరిశోధన ఓపియాయిడ్ మాత్రలకు అలవాటు పడినవారి గురించి. బ్యుప్రెనార్ఫిన్-నాలోక్సోన్ తీసుకుంటున్నంత కాలం దాదాపు సగం మంది బాగున్నారు. మందు తగ్గించి ఆపేసిన ఎనిమిది వారాలకు అలా నిలిచినవారు 8.6 శాతమే. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష అనేక దేశాల లెక్కలను కలిపి చూసింది. మెథడోన్ తీసుకుంటున్నవారిలో ఏటా వెయ్యికి 11 మంది చనిపోతుంటే, చికిత్స బయట ఉన్నప్పుడు ఆ సంఖ్య 36. బ్యుప్రెనార్ఫిన్ విషయంలోనూ చికిత్సలో ఉన్నప్పటి మరణాలు సగం కన్నా తక్కువే.

కారణం సూటిగానే ఉంది. వారం రోజులు మానేసిన మనిషి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని పోగొట్టుకుంటుంది. కోరిక మాత్రం పోదు. ఏ రోజో ఒకరోజు పాత మోతాదే వేసుకుంటే శ్వాస ఆగిపోతుంది. అంటే తర్వాతి ఏర్పాటు లేకుండా ‘శుభ్రం’ చేసి పంపడం కొన్నిసార్లు అసలు చికిత్సే లేకపోవడం కన్నా ప్రమాదకరం. జైలు నుంచి విడుదలైన మొదటి వారాలు ఇంత ప్రాణాంతకంగా ఉండటానికీ ఇదే కారణం.

పంజాబ్ చేసిన ప్రయోగం

సరిహద్దు అవతల నుంచి వచ్చే హెరాయిన్‌ను పంజాబ్‌లో ‘చిట్టా’ అంటారు. 2017 అక్టోబరులో ఆ రాష్ట్రం ఒక నిర్ణయం తీసుకుంది. ఆసుపత్రిలో చేరనక్కర లేకుండా, రోజూ వచ్చి సిబ్బంది ఎదుట మాత్ర నాలుక కింద పెట్టుకుని వెళ్లేలా ఉచిత క్లినిక్‌లు తెరిచింది. మోగా, తరన్ తారన్, అమృత్‌సర్ జిల్లాలతో మొదలైన ఈ క్లినిక్‌లు ఆ తర్వాత 500 దాటాయి. జైళ్లలోకీ వెళ్లాయి. పొలం పనికి పోయేవాడు, లారీ నడిపేవాడు పని మానకుండానే చికిత్స తీసుకోగలగడం దీని బలం.

2020 లాక్‌డౌన్‌లో రోజూ రావడం కుదరక, రెండు వారాలకు సరిపడా మాత్రలు ఇంటికి ఇవ్వడం మొదలైంది. ఒక పక్క ఇది రోగికి గౌరవం. దినకూలీ కోల్పోకుండా ఉంటాడు. మరో పక్క మాత్రలు చేతులు మారడానికి దారి. రెండూ నిజమే.

2023లో రాష్ట్ర ఆరోగ్య మంత్రి అసెంబ్లీలో చెప్పిన లెక్క ప్రకారం ప్రభుత్వ కేంద్రాల్లో 2.62 లక్షల మంది, ప్రైవేటు కేంద్రాల్లో 6.12 లక్షల మంది చికిత్స పొందుతున్నారు. రెండో సంఖ్య మొదటిదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ప్రభుత్వ క్లినిక్‌లో మాత్ర ఉచితం. ప్రైవేటులో డబ్బు కట్టాలి. అయినా జనం అటే వెళ్తున్నారు. దూరం, వరుసలు, తెలిసినవాళ్లు చూస్తారనే సిగ్గు, ఎక్కువ మాత్రలు ఒకేసారి ఇస్తారనే ఆశ.. కారణాలు ఇలా ఉంటాయి. వ్యాపారం పెరిగిన చోట లెక్కకు అందని మాత్రలూ పెరిగాయన్న ఆరోపణలు వచ్చాయి. 2025లో రాష్ట్ర మంత్రివర్గం కొత్త నిబంధనలు ఆమోదించింది. రోగులకు బయోమెట్రిక్ హాజరు, ఒక ప్రైవేటు యజమానికి ఐదు కేంద్రాలకు మించకూడదన్న పరిమితి వాటిలో ఉన్నాయి.

అదే ఏడాది మార్చిలో ‘యుద్ధ్ నశియాఁ విరుద్ధ్’ పేరుతో ప్రభుత్వం మత్తుపై యుద్ధం ప్రకటించింది. వేల సంఖ్యలో అరెస్టులు జరిగాయి. అమ్మకందారులవని చెబుతూ ఇళ్లపైకి బుల్డోజర్లు వెళ్లాయి. సరుకు దొరకడం కష్టమయ్యేకొద్దీ క్లినిక్‌ల ముందు రద్దీ పెరిగింది. సరఫరా తెగిన రోజున ‘తోట్’ మొదలవుతుంది. ఆ మనిషికి ఎదురుగా రెండు దారులే ఉంటాయి. క్లినిక్‌కు వెళ్లడం, లేదా దొరికిన మరోదాన్ని పట్టుకోవడం. పోలీసు దాడి ఏ రోజు జరుగుతుందో ఆ రోజు క్లినిక్‌లో మాత్రల నిల్వ, డాక్టరు ఉండాలి. ఈ రెండు శాఖలకూ పొంతన లేకపోతే దాడి ఫలితం నేరుగా కొత్త మందు అమ్మేవాడి జేబులోకి పోతుంది.

ఈ ముప్పు ఊహ కాదు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ చట్టం కిందకు తెచ్చింది. నొప్పి మాత్రగా మెడికల్ షాపుల్లో సులువుగా దొరికిన మందు అది. దాని చోటును దానికన్నా బలమైన టపెంటడాల్ ఆక్రమించింది. 2025 ఫిబ్రవరిలో భారత్‌లో తయారైన టపెంటడాల్ మిశ్రమ మాత్రలు పశ్చిమాఫ్రికా వీధుల్లో ఎలా అమ్ముడవుతున్నాయో బీబీసీ బయటపెట్టాక, కేంద్రం ఆ మిశ్రమం తయారీని, ఎగుమతిని ఆపింది. వ్యసనం కలిగించే మాత్రలు మెడికల్ షాపులో దొరికాయి. వ్యసనం నుంచి బయటపడేసే బ్యుప్రెనార్ఫిన్-నాలోక్సోన్ మాత్రం అనుమతి ఉన్న చికిత్సా కేంద్రాల్లోనే దొరుకుతుంది. ఈ తలకిందుల ఏర్పాటు గురించి మాట్లాడేవారు తక్కువ.

‘ఒక మత్తు బదులు ఇంకో మత్తు’

ఈ విమర్శను కొట్టిపారేయకూడదు. బ్యుప్రెనార్ఫిన్‌కూ శరీరం అలవాటు పడుతుంది. ఆపితే ‘తోట్’ వస్తుంది, కాకపోతే నెమ్మదిగా వస్తుంది. 1990లలో దేశంలోని పలు నగరాల్లో బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్లనే మత్తు కోసం వాడిన చరిత్ర మనకుంది. ఏడేళ్లుగా మాత్ర వేసుకుంటున్న కొడుకును చూసి ‘ఇది ఎప్పటికి ఆగుతుంది?’ అని తల్లి అడగడం న్యాయమే.

కానీ అలవాటు వేరు, వ్యసనం వేరు. ఇన్సులిన్ మీద ఆధారపడిన మనిషిని మనం వ్యసనపరుడు అనం. రోజూ మాత్ర వేసుకుని పనికి పోయి, ఇంటికి డబ్బు తెచ్చి, సూది ముట్టని మనిషికీ, దొంగతనం చేసి చిట్టా కొనే మనిషికీ తేడా ఆ ఇంట్లోవాళ్లకు బాగా తెలుసు. అసలు లోపం మాత్రలో లేదు, మాత్ర ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోవడంలో ఉంది. కౌన్సెలింగ్, పని, మోతాదు ఎప్పుడు ఎలా తగ్గించాలో రోగితో కూర్చుని వేసుకునే ప్రణాళిక లేకపోతే క్లినిక్ రేషన్ షాపులా మారుతుంది. అప్పుడు విమర్శకుల మాటే నిజమైనట్టు కనిపిస్తుంది.

చట్టం కూడా ఈ దారికి అడ్డు కాదు. ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014లో చేసిన సవరణ వ్యసనాన్ని ‘నయం చేయడం’తో పాటు ‘నిర్వహించడం’ అనే మాటను చేర్చింది. దీర్ఘకాలం మందు ఇవ్వడానికి అది దారి. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి, చిన్న మోతాదు కేసుల్లో, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ కూడా ఉంది. ఈ రెండింటి గురించీ పోలీస్ స్టేషన్లలో ఎంతమందికి తెలుసు అన్నదే ప్రశ్న.

ఈశాన్యం, పొరుగు దేశాలు

పంజాబ్ కన్నా ముందే ఈ పాఠం నేర్చుకున్నది మణిపూర్. 1990 ప్రాంతంలో అక్కడ ఒకే సూదిని పలువురు పంచుకోవడంతో హెచ్‌ఐవీ దావానలంలా పాకింది. నాలుక కింది మాత్ర ఆ సూదికి ప్రత్యామ్నాయంగా వచ్చింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశలో దీన్ని అధికారికంగా చేపట్టింది. మిజోరంలో నేటికీ వయోజనుల్లో హెచ్‌ఐవీ శాతం దేశంలోకెల్లా ఎక్కువ. అక్కడ ఈ మాత్ర అటు వ్యసనానికీ, ఇటు హెచ్‌ఐవీకీ అడ్డుకట్ట.

దక్షిణాసియాలో నేపాల్ 1994లోనే మెథడోన్ మొదలుపెట్టింది. 2002లో ఆపేసింది, 2007లో మళ్లీ తెచ్చింది. బంగ్లాదేశ్ 2010లో ఢాకాలో ప్రారంభించింది. భారత్‌లో మెథడోన్ 2012లో వచ్చింది. ఈ రెండు మందులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అఫ్గానిస్థాన్‌లో తాలిబన్ 2022 ఏప్రిల్‌లో గసగసాల సాగును నిషేధించాక, మరుసటి ఏడాది సాగు 95 శాతం పడిపోయిందని ఐక్యరాజ్య సమితి సంస్థ లెక్కగట్టింది. పైరు తగ్గితే వ్యసనం తగ్గదు. సరుకు ఖరీదవుతుంది, లేదా ప్రయోగశాలలో తయారైన మరింత ప్రమాదకరమైనది దాని చోటులోకి వస్తుంది.

మనకేం సంబంధం?

తెలంగాణకు ‘తోట్’ కొత్త కాదు, పేరే కొత్త. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై ఎక్సైజ్ శాఖ దాడులు పెంచింది. ఆ కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిసేవి. ఒక్కసారిగా అది ఆగిపోవడంతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది ఫిట్స్‌తో, వణుకుతో, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. కొందరు చనిపోయారు. అవి ఓపియాయిడ్లు కావు. వాటిని ఆపితే వచ్చే ప్రమాదం ఇంకా ఎక్కువ, మందులూ వేరు. కానీ పాలనాపరమైన తప్పు ఒక్కటే: సరఫరా ఆపే తేదీ ప్రభుత్వానికి ముందే తెలుసు, ఆసుపత్రికి తెలియదు.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక పోలీసు విభాగాలున్నాయి. గంజాయి, సింథటిక్ డ్రగ్స్, మత్తు మాత్రలపై నిఘా పెరిగింది. ఇది అవసరమే. అయితే ఎంత సరుకు పట్టుకున్నారో చెప్పే ప్రెస్ మీట్‌లో, ఆ జిల్లాలో చికిత్సకు ఎంతమంది వచ్చారు, మందు ఎన్ని రోజులకు సరిపడా ఉంది అన్న రెండు అంకెలు కూడా చెప్పగలగాలి. ఆ అంకెలు లేని చోట పట్టుకున్న సరుకు బరువుతో పని ఎంత జరిగిందో తేలదు.

కుటుంబాలు చేయగలిగిందీ ఉంది. ‘పది రోజుల్లో మాన్పిస్తాం’ అని హామీ ఇచ్చే కేంద్రాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఇక్కడ మానసిక వైద్యుడు ఉన్నారా? ఏ మందు ఇస్తారు? పదకొండో రోజున ఏం చేస్తారు? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే అక్కడ చేర్పించకపోవడమే మేలు. పక్కింటివారి సలహాతో మాత్రలు కొని వేయడం, గదిలో పెట్టి తాళం వేయడం రెండూ ప్రమాదమే. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు, మానసిక ఆరోగ్య సాయం కోసం టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

పంజాబ్ తప్పులు చేసింది. అయినా ‘తోట్’ అనేది శిక్షించాల్సిన బలహీనత కాదని, చికిత్స ఉన్న స్థితి అని ఒప్పుకుని, ఊరి దగ్గర్లో మాత్ర అందుబాటులో పెట్టింది. దాని తప్పుల నుంచి నేర్చుకునే వీలు మనకుంది. 2015లో ఆసుపత్రి వార్డుల్లో నేర్చుకున్నట్టు, ప్రాణాలు పోయాక నేర్చుకోవాల్సిన అవసరం ఈసారి లేదు.